ఆరో వరస, పదమూడూ పద్నాలుగూ

నాటక సమాజం హాల్లో మేస్త్రీకి తెలియని కుర్చీ లేదు. రెండో వరసలో ఏది కిర్రుమంటుందో, తొమ్మిదో వరసలో దేని మేకు పైకి లేచి బట్టలు పట్టుకుంటుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. ఇన్నేళ్ళలో వాటిలో ఒక్కదాని మీద కూడా కూర్చుని నాటకం చూసింది మాత్రం లేదు.

శుక్రవారం మధ్యాహ్నం అతను వేదిక మీద ఒక తలుపుని చిత్రిక పడుతున్నాడు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఈ ఏటి మొదటి నాటకం. అన్నదమ్ములు ఇల్లు పంచుకునే కథ. రెండో అంకంలో పెద్దన్న ఆ తలుపు తోసుకుని లోపలికి రావాలి. తలుపుకి వేసిన రంగు ఇంకా ఆరలేదు. తడికి చెక్క ఉబ్బి చట్రానికి పట్టేస్తోంది. అంచుని మరో రెండు సార్లు గీసి, తలుపు మూసి తెరిచి చూశాడు. ఫరవాలేదనిపించింది. రాలిన చెక్క పొట్టుని అరిచేత్తో ఒకవైపుకి పోగు చేశాడు.

అప్పుడే కార్యదర్శి లోపలికొచ్చాడు. ఊళ్ళో ఆయనకి కళ్ళజోళ్ళ షాపుంది. పగలు అందరి కళ్ళూ పరీక్ష చేస్తాడు, సాయంత్రాలు సమాజం పనులు చూస్తాడు. ఇక్కడ అందరూ అంతే. పెద్దన్న వేషం వేసేది బస్సు డిపోలో గుమాస్తా, తమ్ముడు వేషం వేసేది మందుల షాపాయన.

"తలుపు అయిందా మేస్త్రీ?"

"అయింది సార్. రంగు ఆరితే చాలు." మేస్త్రీ లేచి చేతులు దులుపుకున్నాడు. వారం రోజులుగా నోట్లో నానుతున్న మాట. "సార్, ఒకటి అడగాలి. ఈ ఏడు నాకు సీజన్ టికెట్లు రెండు కావాలి. నాకూ, మా ఆవిడకీ."

కార్యదర్శి ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి, పకపకా నవ్వాడు. మంచి మనిషి నవ్వే నవ్వే అది. అందులో ఎగతాళి లేదు.

"మీకు టికెట్టేంటి మేస్త్రీ! మీరు మన ఇంటి మనిషి. ఇంట్లోకి రావడానికి ఇంటివాళ్ళు టికెట్టు కొనుక్కుంటారా?" అంటూ జేబులోంచి ఒక గులాబీ రంగు కాగితం తీసి, దాని మీద సంతకం గీకి చేతిలో పెట్టాడు. "ఏడాదంతా ఇదే. ఇద్దరూ రండి. దర్జాగా."

కాగితం మీద 'సిబ్బంది, పక్క బెంచీ' అని ఉంది. ఏటా ఉండేదే.

ఆ బెంచీ వేదికకి ఎడం పక్కన, లోపలికి వెళ్ళే చిన్న తలుపుని ఆనుకుని ఉంటుంది. వెన్ను ఆన్చడానికి ఏమీ ఉండదు. అక్కడి నుంచి వేదిక సగమే కనిపిస్తుంది, మిగతా సగానికి తెర మడతలు అడ్డం. పోనీ ఆ సగమైనా కుదురుగా చూడనిస్తారా అంటే, ఏ దీపమో వంగిపోతుంది, ఏ మెట్టో కదులుతుంది. చిన్న తలుపు అంగుళం తెరుచుకుని "మేస్త్రీ!" అని ఒక గుసగుస వస్తుంది. అందుకే అక్కడ కూర్చోబెడతారు, పిలిస్తే పలికేంత దూరంలో. మేస్త్రీ చాలా నాటకాల మొదళ్ళు చూశాడు. చివరలు చూసినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఆ మాట కార్యదర్శితో అందామనుకున్నాడు. ఇంటి మనిషి అన్న తరవాత ఇంకేమంటాడు? కాగితం జేబులో పెట్టుకున్నాడు.

అతని భార్య ఆస్పత్రి లాండ్రీలో పనిచేస్తుంది. ఉతికి ఆరిన దుప్పట్లు పొద్దున్నించీ నిలబడి మడత పెట్టడం ఆమె పని. సాయంత్రం ఇంటికొచ్చి, బకెట్లో వేడినీళ్ళు పోసుకుని పాదాలు ముంచి కూర్చుంటే, అరగంట దాకా ఆమెని ఎవరూ కదిలించకూడదు. మేస్త్రీ సరిగ్గా ఆ అరగంటలోనే కాగితం అందించాడు.

ఆమె చదివింది. "ఇదేంటి?"

"పాసు."

"టికెట్టు కొనుక్కురమ్మంటే పాసు తెచ్చావా?"

"మన ఇంటి మనిషన్నాడే. ఇంకేం కాదంటాం?"

"ఇంటి మనిషిని బెంచీ మీద కూర్చోబెట్టి, పరాయివాళ్ళని కుర్చీల్లో కూర్చోబెడతారా? ఏ ఊరి మర్యాదయ్యా ఇది?" ఆమె నీళ్ళలోంచి ఒక పాదం తీసి బకెట్ అంచు మీద పెట్టింది. "కిందటేడు నాటకంలో ఆ పిల్ల ఉత్తరం చదివిందే, అందులో ఏముంది, చెప్పు?"

మేస్త్రీ బుర్ర గోక్కున్నాడు. "నేనప్పుడు లోపల కిటికీ పట్టుకుని నిలబడ్డాను. రెక్క ఊడిపోయింది."

"చూశావా! నీకూ తెలీదు. నాకేమో తెర అడ్డం. హాలు హాలంతా ముక్కులు చీదుతోంది, నేనొక్కదాన్నే వీళ్ళకేమైందా అని వాళ్ళ మొహాలు చూస్తూ కూర్చున్నా. నడుం విరిగిపోతున్నా లేవలేదు, మర్యాదగా ఉండదని."

"సరేలేవే..."

"సరేలే కాదు. నంబరున్న కుర్చీ కావాలి నాకు. వెన్ను ఆన్చుకునే కుర్చీ. పక్కన నువ్వు, మొదట్నుంచి చివరిదాకా. అది కుదరదంటే నేనిక ఆ హాలు గడప తొక్కను. నువ్వే వెళ్ళి మేకులు కొట్టుకో."

ఆమె కాగితాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మడిచింది. దుప్పటి మడిచినట్టే, అంచుకి అంచు సరిగ్గా కలిపి, గోటితో నొక్కి, అతని చేతిలో పెట్టింది. అరిచి ఉంటే మేస్త్రీ అంత పట్టించుకునేవాడు కాదేమో. ఆ మడతకి మాత్రం భయపడ్డాడు.

*

సమాజంలో ఒక పద్ధతుంది. పాత సభ్యులు ఏటా తమ పాత సీటునే మళ్ళీ తీసుకోవచ్చు. శుక్రవారంతో వాళ్ళ గడువు తీరుతుంది. వాళ్ళు వదిలేసినవే శనివారం పొద్దున కొత్తవాళ్ళకి అమ్ముతారు. అందుకని కొత్తవాళ్ళు పది గంటలకి తెరిచే కిటికీ ముందు తొమ్మిదింటికే నిలబడతారు.

మేస్త్రీ కూడా నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పని బట్టల్లో కాకుండా ఆ వరండాలో నిలబడటం అతనికే వింతగా ఉంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక వెనక్కి కట్టుకున్నాడు. ముందున్న మనిషి తిరిగి, "లోపల ఏదన్నా బాగుచెయ్యాలా? వెళ్ళండి, వెళ్ళండి" అని దారిచ్చాడు.

"లేదండీ. నేనూ టికెట్టుకే" అన్నాడు మేస్త్రీ.

కిటికీ వెనక కూర్చునేది టీచరమ్మ. బడి నుంచి రిటైరయ్యాక టికెట్ల పని ఆవిడే చూస్తోంది. ఆవిడ పక్కన గోడకి, హాలు నమూనాగా ఒక చెక్క పలక వేలాడుతుంది. సీటుకొక కొక్కెం, అమ్ముడుపోయిన సీటు కొక్కేనికి ఎర్ర బిళ్ళ. పలక చేసింది కూడా మేస్త్రీయే.

అతని వంతు వచ్చేసరికి పలక ఎర్రబడిపోయింది.

"ఏంటి మేస్త్రీ, పెళ్ళికొడుకులా తయారయ్యావు?"

"సీజన్ టికెట్లు రెండు కావాలమ్మా."

టీచరమ్మ కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి చూసింది. "నీకు పాసుంటుందిగా?"

"ఉంది. వెనక్కిచ్చేస్తున్నా." మడత కాగితాన్ని కిటికీ అరుగు మీద పెట్టాడు.

ఆవిడ దాని మడత విప్పి చదివి, మళ్ళీ అదే మడతలో పెట్టింది. చూపుడు వేలితో పలక మీద వరస వరసా తడుముతూ పోయింది. "మొదటి అయిదూ అయిపోయాయి. ఆరులో ఒకటీ రెండూ గొడుగుల కొట్టాయనవీ, వాళ్ళక్కవీ. పాపం ఆవిడకి ఎడం చెవి బొత్తిగా వినబడదు. అందుకే ఎడం చివర తప్ప ఇంకెక్కడా కూర్చోదు, మంచి చెవి వేదిక వైపుండాలి కదా. మూడు నుంచి పన్నెండు దాకా పాతవాళ్ళే." వేలు కుడి చివర ఆగింది. "ఇదిగో, పదమూడూ పద్నాలుగూ. హాలు మొత్తంలో ఇవి రెండే కలిసి ఉన్నాయి. కాని ఎదురుగా స్తంభం. నీకు నేను చెప్పాలా?"

"తెలుసమ్మా. కాస్త ఎడమకి ఒరిగితే ముప్పాతిక వేదిక కనిపిస్తుంది. బెంచీ మీద సగమే కదా."

టీచరమ్మ చిన్న టికెట్ పుస్తకం తీసింది. అయిదు నాటకాలకి అయిదు ఆకులు. ప్రతి ఆకు మీదా వరస, నంబరు గుండ్రటి అక్షరాలతో రాసి, ముద్ర వేసి ఊదింది. రెండో పుస్తకం కూడా రాసి, రెండూ కలిపి రెండు చేతులతో ఇచ్చింది. ఆవిడ అందరికీ అలా రెండు చేతులతో ఇస్తుందో లేదో మేస్త్రీకి తెలీదు. అతను మాత్రం రెండు చేతులతోనే తీసుకున్నాడు.

శనివారం లాండ్రీ ఒంటిపూటే కాబట్టి, మధ్యాహ్నం ఆస్పత్రి గేటు దగ్గర నిలబడి, భార్య బయటికి రాగానే పుస్తకాలు చూపించాడు. ఆమె అక్కడే అయిదు ఆకులూ తిప్పి చూసింది. తరవాత రెండో పుస్తకంలో అయిదు ఆకులూ తిప్పింది.

"ఎక్కడ ఈ కుర్చీలు?"

"ఆరో వరస. కాని ముందే చెప్తున్నా, ఎదురుగా స్తంభం ఉంటుంది."

"ఉండనీ. చూద్దాం పద."

"ఇప్పుడా?"

"రేపు అందరి ముందూ వెతుక్కుంటూ తిరగమంటావా?"

హాలు ఖాళీగా ఉంది. పక్క కిటికీల్లోంచి పడుతున్న ఎండలో దుమ్ము తేలుతోంది. మేస్త్రీ వెనక దీపాల స్విచ్చి వేసి వచ్చేసరికి ఆమె ఆరో వరసలోకి వెళ్ళిపోయింది. ఈ వర్షాల్లో ఆ వరస మీద కప్పు కారి, కుర్చీల కాళ్ళు పుచ్చిపోయాయి. పద్నాలుగు కుర్చీలూ మేస్త్రీయే విప్పి, కొత్త కాళ్ళు వేసి, బుధవారం నాడు ఇత్తడి నంబరు బిళ్ళలతో సహా మళ్ళీ బిగించాడు.

ఆమె వంగి ఒక్కొక్క బిళ్ళనీ వేలితో తాకుతూ నడిచింది. "పదకొండు... పన్నెండు... ఇదిగో." కూర్చుంది. ముందు అంచు మీద, బెంచీ మీద కూర్చున్నట్టు. తరవాత మెల్లగా వెనక్కి జరిగింది. వీపు ఆనింది. తలా ఆన్చింది. రెండు చేతులూ కుర్చీ చేతుల మీద పెట్టి, ఒక పెద్ద ఊపిరి వదిలింది.

"ఏదయ్యా నీ స్తంభం? వేదిక మొత్తం కనిపిస్తుంటేనూ! నన్ను ఏడిపించడానికి చెప్పావు కదూ?"

మేస్త్రీ నడవలో ఆగిపోయాడు. ఆమె కూర్చున్నది వరసకి ఎడం చివర. స్తంభం దూరంగా కుడి చివర ఉంది. అడుగులో అడుగు వేసుకుంటూ ఆ చివరికి వెళ్ళి బిళ్ళ చూశాడు. స్తంభం వెనక కుర్చీ మీద 'ఒకటి' అని మెరుస్తోంది. దాని పక్కన 'రెండు'.

బుధవారం కళ్ళ ముందు కదిలింది. వేదిక వైపు వీపు పెట్టి, కుర్చీల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తన ఎడం చేతి వైపు నుంచి ఒకటి, రెండు, మూడు అని బిగించుకుంటూ పోయాడు. వేదిక మీద పనిచేసేవాడి ఎడమ, కుర్చీలో కూర్చునేవాడికి కుడి. ఇన్నేళ్ళూ అతను హాలుని వేదిక వైపు నుంచే చూశాడు. అటు నుంచి చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"ఏంటి, నిలబడిపోయావు? రా, నీ కుర్చీ ఖాళీగా ఉంది" అని ఆమె పక్క కుర్చీని తట్టింది.

వెళ్ళి కూర్చున్నాడు. ఎదురుగా వేదిక, తను కట్టిన గోడలు, కిటికీ, ఆకుపచ్చ తలుపు, ఏ అడ్డమూ లేకుండా కనిపిస్తున్నాయి. ఆమె పాదాలు ముందుకి చాపింది. పెళ్ళయిన కొత్తలో బస్సు కిటికీ పక్కన సీటు దొరికినప్పుడు ఆమె మొహం ఇలాగే ఉండేది. మేస్త్రీ తన కుర్చీ బిళ్ళని అరిచేత్తో కప్పేశాడు.

*

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని కలుపుతున్నాడే గాని తినడం లేదు. రెండోసారి "ఏమైంది?" అని ఆమె అడిగాక చెప్పేశాడు. ఎడమ, కుడి, బిళ్ళలు, గొడుగాయన అక్క చెవి, అన్నీ.

ఆమె మజ్జిగ గిన్నె అతని ముందుకి జరిపింది. తరవాత, "ఎవరైనా చూశారా?" అంది.

"ఇంకా లేదు."

"రేపు ఎవరి నంబరు చూసుకుని వాళ్ళు కూర్చుంటారు. అంతేగా?"

"ఆ ముసలావిడకి ఏమీ వినబడదే."

"నాకు ఇన్నేళ్ళు కనబడలేదు. ఎవరైనా వచ్చి అడిగారా?" ఆమె గొంతు లేచింది. "ఒక్కసారి, నీ చేతి పొరపాటే మనకి అచ్చొచ్చింది. నువ్వు కావాలని చేశావా? లేదు. దొంగతనమా? కాదు. టికెట్టు మీద పదమూడూ పద్నాలుగూ అని రాసి ఇచ్చారు, మనం పదమూడూ పద్నాలుగులో కూర్చుంటాం. అంత ధర్మరాజువైపోయి అన్నం మానేయాలా?"

"కావాలని చేశాననుకుంటారే. టికెట్టు కొన్నదీ నేనే, బిళ్ళ బిగించిందీ నేనే."

ఆమె విసురుగా లేచి గిన్నెలు సర్దింది. మేస్త్రీ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఏం చెయ్యాలో అతనికి తెలుసు. అది చేస్తే ఆమె రాదని కూడా అనుకున్నాడు.

పొద్దున్న లేచి సంచీలో స్క్రూడ్రైవర్ వేసుకుంటూంటే, ఆమె చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"నువ్వెక్కడికి?"

"పద్నాలుగు బిళ్ళలు. బిళ్ళకి రెండు స్క్రూలు. నువ్వొక్కడివే అయితే ఒకటి జారవిడిచి కుర్చీల కింద పాకుతావు. నడు." రెండడుగులు వేశాక, అతని వైపు చూడకుండానే అంది, "ఆ ముసలావిడ నిన్న రాత్రంతా నా పక్కలో కూర్చుని 'ఏమన్నారు, ఏమన్నారు' అని అడుగుతూనే ఉంది. నిద్రపోనిస్తేనా!"

తొమ్మిదింటికల్లా సగం బిళ్ళలు ఊడాయి. అతను విప్పుతున్నాడు, ఆమె స్క్రూలు గుప్పిట్లోనూ బిళ్ళలు ఒళ్ళోనూ వరసగా పెట్టుకుంటోంది. ఒకటీ రెండూ ఎడం చివర బిగించాక, కుడి చివరికి వచ్చి స్తంభం వెనక కుర్చీకి పద్నాలుగు బిగిస్తుండగా వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఏం చేస్తున్నారు మేస్త్రీ?"

కార్యదర్శి. చంకలో నాటకం కరపత్రాల కట్ట. ఆయన చూపు ఊడిన బిళ్ళల మీద, ఆమె ఒళ్ళో నంబర్ల మీద, మళ్ళీ మేస్త్రీ మొహం మీద తిరిగింది.

"టీచరమ్మ చెప్పింది, పాసు తిరిగిచ్చి టికెట్లు కొన్నారని. సరే, మీ ఇష్టం అనుకున్నా. ఇప్పుడు నంబర్లు మారుస్తున్నారా?" ఆయన గొంతులో కోపం కంటే నొప్పి ఎక్కువుంది. "మీరు ఇలాంటి పని చేస్తారని నేను..."

మేస్త్రీ లేవబోయి, మోకాలు పట్టేసి, కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు. "సార్, బుధవారం నేనే తిరగేసి పెట్టాను. వేదిక వైపు నుంచి లెక్కేశాను. తప్పు నాదే. కావాలని మాత్రం కాదు సార్."

"తిరగేయడం ఏంటి?"

"సార్, మీరు ఒక్క నిమిషం కూర్చోండి" అంది అతని భార్య. ఆమె గొంతు లాండ్రీలో యంత్రాల మధ్య మాట్లాడే గొంతు, హాలంతా వినబడింది. "మావి పదమూడూ పద్నాలుగూ. నిన్నటిదాకా అవి ఎక్కడున్నాయి? అదిగో, ఆ చివర. అక్కణ్ణుంచి వేదికంతా కనిపిస్తుంది. నేను కూర్చుని చూశా. ఇప్పుడు మా ఆయన వాటిని ఎక్కడ బిగిస్తున్నాడు? ఈ స్తంభం వెనక. మంచి సీటు మాకు వచ్చేలా మారుస్తున్నామా, పోయేలా మారుస్తున్నామా? మీరే లెక్క చూసుకోండి."

కార్యదర్శి గాల్లో వేలితో అటూ ఇటూ ఒకసారి గీసుకున్నాడు. ఇంకోసారి గీసుకున్నాడు. వేలు స్తంభం దగ్గర ఆగింది. చంకలో కట్ట మెల్లగా పక్క కుర్చీ మీద పెట్టాడు. తరవాత పదమూడో కుర్చీలోకి వచ్చి కూర్చున్నాడు. ఎదురుగా స్తంభం. కుడికి ఒరిగాడు, గోడ. ఎడమకి ఒరిగాడు.

"నేనిక్కడ ఎప్పుడూ కూర్చోలేదు" అన్నాడు చివరికి.

"మీ షాపులో గోడ మీద అక్షరాలు చదివిస్తారు కదా సార్. ఇక్కణ్ణుంచి ఏ వరస దాకా చదవగలరు?"

"ఏమే!" అన్నాడు మేస్త్రీ.

కాని కార్యదర్శి మొహం మీదికి నవ్వు రాబోయి ఆగింది. "బెంచీ మీద నుంచి?"

"సగం కనిపిస్తుంది. మా ఆయనకి అదీ లేదు, పిలుస్తారు కదా."

ఆయన చేతి గడియారాన్ని ఊరికే తిప్పుకున్నాడు. "మూడో వరసలో అతిథుల కోసం రెండు కుర్చీలు ఉంచుతాం. వాళ్ళు వచ్చేదీ లేదు, పాడూ లేదు. మీరు..."

"వద్దు సార్" అందామె. "ఇవి మావి. మా టికెట్టు మీద రాసుంది. మీరు ఇస్తే అది మళ్ళీ పాసే అవుతుంది." ఒక బిళ్ళ మేస్త్రీకి అందించింది. "ఒక్కటే అడుగుతా. నాటకం నడుస్తున్నంతసేపూ మా ఆయన్ని పిలవద్దు."

"మరి ఏదైనా ఊడిపోతే?"

"మీరున్నారుగా. ఇంటి మనిషి."

కార్యదర్శి కరపత్రాల కట్ట తీసుకుని, నాలుగడుగులు వేసి, కట్ట అక్కర్లేదన్నట్టు మళ్ళీ ఏదో కుర్చీ మీద పెట్టి, వేదిక పక్క చిన్న తలుపు వైపు వెళ్ళిపోయాడు.

"ఇంక మనకి ఇక్కడ పని ఉంటుందంటావా?" అన్నాడు మేస్త్రీ.

"స్క్రూ బిగించు ముందు" అందామె.

*

నాలుగింటికి పది నిమిషాలుండగా ద్వారం దగ్గర టీచరమ్మ ఒక్కొక్కరి పుస్తకంలోంచి మొదటి ఆకు చింపుతోంది. మేస్త్రీ భార్య తన పుస్తకం వెంటనే ఇవ్వలేదు.

"కొత్త పుస్తకం, అప్పుడే చింపేస్తారా?"

"చింపితేనే నాటకం అమ్మాయ్. ఇంకా నాలుగున్నాయిలే."

ఇద్దరూ స్తంభం వెనక కూర్చున్నారు. కాసేపటికి గొడుగాయన తన అక్క చెయ్యి పట్టుకుని వచ్చాడు. ఎడం చివర ఒకటో నంబరులో ఆవిడని కూర్చోబెట్టాడు. ఆవిడ తల కాస్త పక్కకి తిప్పి, మంచి చెవిని వేదికకి అప్పజెప్పింది. వాళ్ళకేమీ తెలీదు. తెలియాల్సిన పనీ లేదు. మేస్త్రీ గుండెల మీంచి ఒక దూలం దించినట్టయింది. అది చూసి అతని భార్య, "ఇంక ఊపిరి తీసుకో" అంది.

దీపాలు ఆరాయి. తెర లేచింది.

తిన్నగా కూర్చుంటే స్తంభమే కనిపిస్తోంది. ఆమె ఎడమకి ఒరిగింది. ఎడమ పక్కన పదమూడులో మేస్త్రీ ఉన్నాడు. ఆమె భుజం అతని భుజానికి ఆనింది. అతనూ ఒరగాలి కాబట్టి ఒరిగాడు. పన్నెండులో కూర్చున్న పెద్దమనిషి ఒకసారి చూసి, పాపం తనూ కాస్త జరిగాడు. అలా సర్దుకున్నాక, ఇంటి వాకిలీ, కిటికీ, ఆకుపచ్చ తలుపు, అన్నీ కనిపించాయి. మేస్త్రీకి అవి పలకలూ మేకులూ గుడ్డా అని తెలుసు. ఇక్కడి నుంచి చూస్తే ఇల్లులాగే ఉంది. ఎవరో చాలా ఏళ్ళు కాపురం చేసిన ఇల్లులా ఉంది.

రెండో అంకం. తమ్ముడు గది మధ్యలో నిలబడి, "అన్నయ్య వచ్చేశాడు" అని తలుపు వైపు తిరిగాడు. తలుపు తెరుచుకోలేదు.

మేస్త్రీ వెన్ను నిటారైంది. రంగు. తడి. చెక్క మళ్ళీ ఉబ్బింది.

తలుపు అటు నుంచి కదిలింది, ఆగింది. తమ్ముడు గొంతు సవరించుకుని, "వస్తున్నావా అన్నయ్యా?" అన్నాడు.

"వస్తున్నా తమ్ముడూ!" అంది తలుపు.

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. చిన్న తలుపు అంగుళం తెరుచుకుంది. తెర లాగే మనిషి వంగి వంగి నడవలో వచ్చేశాడు. బెంచీ దాటాడు, మొదటి వరస దాటాడు, నాలుగూ అయిదూ దాటి, "మేస్త్రీ! తలుపు!" అన్నాడు.

మేస్త్రీ కాళ్ళు వాటంతటవే లేచాయి. భార్య అతన్ని పట్టుకోలేదు, ఆపలేదు. వేదిక వైపే చూస్తూ ఉంది. చేతిలో ఉన్న టికెట్ పుస్తకాన్ని మాత్రం ఒళ్ళో పెట్టి, దాని మీద రెండు చేతులూ మూసింది.

అప్పుడు బెంచీ మీంచి ఎవరో లేచారు. ఇవాళ ఆ బెంచీ మీద ఎవరు కూర్చున్నారో మేస్త్రీ చూడలేదు. కార్యదర్శి చరచరా వచ్చి తెర మనిషి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఆయన్ని కదల్చకు. నాటకం చూడ్డానికొచ్చాడు. పద, నేనొస్తా."

"మీరా సార్?"

"నేనే. ఏం, నాకు చేతుల్లేవా?" మేస్త్రీ వైపు వంగి, గొంతు బాగా తగ్గించి, "ఎక్కడ తన్నాలి?" అన్నాడు.

"కింద, గొళ్ళేం పక్క మూల. కాలితో కాదు సార్, తుంటితో."

వేదిక మీద తమ్ముడు అన్నయ్య దారిలో ఎంత కష్టపడి వస్తున్నాడో ఇల్లంతటికీ వివరంగా చెబుతున్నాడు. పుస్తకంలో లేని మాటలు. మేస్త్రీ కుర్చీ చేతులు బిగించి పట్టుకున్నాడు. తలుపు వెనక ఏదో పడింది. ఎవరో "అబ్బా" అన్నారు. తరవాత ధన్ మని ఒక్క దెబ్బ, తలుపు బార్లా తెరుచుకుంది. పెద్దన్న ఒక్క ఊపున గది మధ్యకి వచ్చి పడ్డాడు. అతని వెనక, గుమ్మంలో, కళ్ళజోడు ఒక చెవికే వేలాడుతున్న కార్యదర్శి అర క్షణం కనిపించి మాయమయ్యాడు.

హాలు గొల్లుమంది. చప్పట్లు. గొడుగాయన అక్క కూడా నవ్వుతోంది. అన్నదమ్ములిద్దరూ ఆ నవ్వు తగ్గేదాకా ఒకరి చేతులొకరు పట్టుకుని నిలబడి, అక్కణ్ణుంచి కథ అందుకున్నారు.

మేస్త్రీ మెల్లగా వెనక్కి కూర్చున్నాడు. భార్య మళ్ళీ ఒరిగింది, ఈసారి కాస్త ఎక్కువగా.

కథ నడిచింది. అన్నదమ్ములు ఇంటి మధ్య గీత గీసుకున్నారు. వంటింటి కిటికీ ఎవరి వాటాలోకి వస్తుందో తేల్చుకోలేకపోయారు. ఆ కిటికీ దగ్గరే ఇద్దరూ చెరోవైపు నిలబడి చిన్నప్పటి సంగతేదో గుర్తు చేసుకున్నారు. మేస్త్రీ ఆ కిటికీని రెండు రోజులు చెక్కాడు. అది ఇందుకని అతనికి ఎవరూ చెప్పలేదు. ఎప్పుడు మొదలైందో తెలీదు, చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. పక్కకి చూస్తే ఆమె ఎప్పుడో ఏడుస్తోంది, దాచుకోకుండా, అందరితో పాటు.

తెర పడింది. దీపాలు వెలిగాయి. చప్పట్లు ఆగాక జనం లేచి, మాట్లాడుకుంటూ నడవలోకి కదిలారు. పన్నెండులో పెద్దమనిషి, "వచ్చే నాటకానికి కలుద్దాం మరి" అని మేస్త్రీకి తల ఊపి వెళ్ళాడు. మేస్త్రీ కూడా లేచి నిలబడ్డాడు. ఆమె లేవలేదు.

"పదవే, అందరూ వెళ్ళిపోతున్నారు."

"కూర్చో" అందామె, తల కుర్చీకి ఆన్చి, కళ్ళు మూసుకునే. "ఎవరూ పిలవలేదుగా."

మేస్త్రీ హాలు చివరిదాకా ఒకసారి చూశాడు. నిజమే, ఎవరూ పిలవలేదు. కూర్చుని, అతనూ వెన్ను ఆన్చాడు.